ములాంజే కొండ కింద ఉన్న అమ్మకి వీడియో కాల్

మా పర్లాకిమిడి ఇంట్లో మేడ మీద గది ఆఫ్రికాలోని మలావీ దేశం నుంచి వచ్చిన ఒక అబ్బాయికి అద్దెకిచ్చాం, ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాంలో చదువుకోడానికి వచ్చాడు. వచ్చి రెండు నెలలైనా వాళ్ళమ్మ మొహం ఫోన్‌లో ఒక్కసారి కూడా చూడలేదట. మా అమ్మకి ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ "నీకు ఇవన్నీ తెలుసు కదరా, ఆ పిల్లాడికి ఏటైనా చెయ్యి" అని రోజూ అదే మాట.

నేను వాళ్ళ ఊరికి నెట్‌వర్క్ లేదేమో అనుకున్నా. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ 2023 నుంచి మలావీలో ఉంది కదా అని రేట్లు కూడా చూశా, మొక్కజొన్న పండించుకుని బతికే ఇంటికి అది అయ్యే పని కాదు. తీరా అతన్ని కూర్చోబెట్టి అడిగితే ఎయిర్‌టెల్ సిగ్నల్ బానే వస్తుందట, అవును మన ఎయిర్‌టెలే, 2010లో జైన్ అనే టెలికాం కంపెనీ వాళ్ళ ఆఫ్రికా వ్యాపారం కొన్నప్పట్నుంచీ అక్కడుంది. లేనిదల్లా కరెంటు. వాళ్ళమ్మ ఫోన్ ఛార్జింగ్‌కి సంత దాకా నడిచెళ్ళి డబ్బులిచ్చి పెట్టించుకోవాలి, అదీ బటన్ల ఫోన్.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మాదీ ఇదే పరిస్థితి. స్తంభాలు పడిపోయి, జనరేటర్ ఉన్న షాపు ముందు లైన్లో నిలబడ్డాం, విశాఖలో ఉన్న అక్కకి బతికే ఉన్నామని చెప్పడానికి. అది చెప్తే అతను 2023 మార్చిలో వచ్చిన ఫ్రెడ్డీ తుఫాను గురించి చెప్పాడు, ములాంజే కొండ మీంచి బురదా బండరాళ్ళూ దిగి పక్క ఊళ్ళో ఇళ్ళు కొట్టుకుపోయాయట. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

ఇంక స్టార్‌లింక్ ఆలోచన మానేసి 20 వాట్ల మడత సోలార్ ప్యానెల్, ఒక పవర్ బ్యాంక్, సెకండ్ హ్యాండ్ స్మార్ట్‌ఫోన్ కొన్నాం. ఫోన్ కొనేముందు బ్యాండ్ 20 ఉందో లేదో చూడండి, అంటే 800 మెగాహెర్ట్జ్, ఆఫ్రికా వైపు 4జీకి వాడతారు, ఇక్కడ వాడరు కాబట్టి మన దగ్గర అమ్మే కొన్ని ఫోన్లలో అది ఉండదు. పవర్ బ్యాంక్ విమానంలో చేతి బ్యాగులోనే పెట్టాలి, 100 వాట్ అవర్ లోపుండాలి. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో లెక్కేస్తే 74, పర్లేదు. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపేసి, కాల్స్‌కి తక్కువ డేటా వాడే సెట్టింగ్ ఆన్ చేసి ఇచ్చా. సెలవులకి ఇంటికెళ్తున్న క్లాస్‌మేట్ అడిస్ అబాబా మీదుగా పట్టుకెళ్ళింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కాల్ వచ్చింది, అక్కడ పొద్దున్న పది. బొమ్మ ఆగి ఆగి వచ్చింది గానీ వచ్చింది. అతను నేర్పిన "ములి బ్వాంజీ" అంటే బాగున్నారా అని, మా అమ్మ అది అనగానే ఆవిడ చేత్తో నోరు మూసుకుని ఏడ్చేసింది. తర్వాత ఆవిడ మొక్కజొన్న జావ గిన్నె కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించింది, మా అమ్మ లోపలికెళ్ళి చోడి అంబలి తెచ్చి చూపించింది, భాష రాకపోయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

పెట్టేసే ముందు ఛార్జింగ్ ఎంతుందో అడగమన్నా. 61 శాతం.