రైలు పట్టాలు ఆగిపోయే చోటు దాటాక

స్కాట్లాండ్‌లో గ్లాస్గో నుంచి పశ్చిమ తీరంలోని మాలెగ్ వెళ్లే రైలు గ్లెన్‌ఫిన్నన్ దగ్గరికి రాగానే బోగీలో అందరూ ఒక వైపు కిటికీల దగ్గర చేరారు. 21 కమాన్ల కాంక్రీటు వంతెన అది. నేనూ చూశాను, నిజంగానే అందంగా ఉంది. కానీ నేను ఆ రైలెక్కింది వంతెన కోసం కాదు. కొండలకూ సముద్రానికీ మధ్య, పెద్ద ఊళ్లకు దూరంగా ఉన్న పల్లెల్ని ఖాళీ కాకుండా నిలబెట్టాలని అక్కడ దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి ఎంతవరకు ఫలించాయో ఆ పల్లెల్లోనే తిరిగి చూడాలని ఎప్పటి నుంచో కోరిక.

స్కాట్లాండ్ ఉత్తర కొండ ప్రాంతమైన హైలాండ్స్ ఊరికే ఖాళీ కాలేదు. 18వ శతాబ్దం రెండో సగం నుంచి వందేళ్లపాటు భూస్వాములు గొర్రెల మేతకని కౌలు కుటుంబాలను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. కొందరు తీరానికి, కొందరు కెనడాకు, ఇంకొందరు గ్లాస్గో ఫ్యాక్టరీలకు చేరారు. చిన్న కమతాల్లో మిగిలినవాళ్లను వెళ్లగొట్టకుండా 1886లో చట్టం వచ్చింది. అయినా వలస ఆగలేదు. 1965లో హైలాండ్స్ అండ్ ఐలాండ్స్ డెవలప్‌మెంట్ బోర్డు పెట్టినప్పుడు, రెండు వందల ఏళ్లుగా హైలాండ్స్ మనిషి స్కాట్లాండ్ మనస్సాక్షి మీద భారంగా ఉన్నాడని అప్పటి మంత్రి విలీ రాస్ పార్లమెంటులో అన్నాడు. అంత నిజాయితీగా అప్పు ఒప్పుకున్న ప్రభుత్వ మాట నేనింకొకటి వినలేదు.

అప్పటి ఆలోచన పెద్ద ఫ్యాక్టరీలు. ఇదే రైలు దారిలో ఫోర్ట్ విలియం ఊరు దాటగానే కోర్పాక్ వస్తుంది. ప్రభుత్వం అప్పిచ్చి మరీ రప్పించిన కాగితపు గుజ్జు మిల్లు 1966లో మొదలైంది ఇక్కడే. 1980లో గుజ్జు తయారీ ఆపేశారు. తూర్పు తీరాన ఇన్వర్‌గార్డన్‌లో 1971లో తెరిచిన అల్యూమినియం కర్మాగారం పదేళ్లకే, 1981 చివర్లో మూతపడింది. దాదాపు 900 ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి. ఒక ప్రాంతమంతా ఒకే గేటు మీద ఆధారపడితే, ఆ గేటు మూసే నిర్ణయం ఎక్కడో దూరాన ఉన్న ఆఫీసులో జరిగిపోతుంది. కోర్పాక్ దాటుతుంటే నాకు కోపం వచ్చిన మాట నిజం. మూసేసినవాళ్ల మీద కాదు, ఊరివాళ్లను ఒక్క మాటైనా అడగకుండా వాళ్ల బతుకుల మీద లెక్కలు వేసే పద్ధతి మీద.

మాలెగ్‌తో రైలు పట్టాలు అయిపోతాయి. అక్కడి రేవు నుంచి ఎగ్ దీవికి పడవ. వారంలో అన్ని రోజులూ ఉండదు, సముద్రం బాగా లేకపోతే అసలే ఉండదు. సందర్శకుల కార్లను దీవిలోకి రానివ్వరు కాబట్టి దిగాక నడకే. ఎదురుగా 393 మీటర్ల అన్ స్గుర్ శిఖరం, కింద గాల్మిస్‌డేల్ రేవు, రేవు పక్కన కొట్టూ టీ దుకాణమూ కలిసి ఉన్న చిన్న భవనం.

ఈ దీవి ఒకప్పుడు మనుషులతో సహా చేతులు మారిన ఆస్తి. 1970ల నుంచి ఒక యజమాని, తర్వాత కొద్దికాలం ఇంకొకరు. ఇళ్లలో ఉన్నవాళ్లకు లీజు హక్కుకు హామీ లేదు. రేపు ఉంటామో లేదో తెలియని ఇంటికి కప్పు ఎవరు బాగు చేయించుకుంటారు? దుకాణం ఎవరు పెడతారు? అభివృద్ధి పథకాలకు దరఖాస్తు పెట్టాలన్నా భూమి కాగితం కావాలి కదా. చివరికి 1997 జూన్ 12న దీవివాళ్లు, హైలాండ్ కౌన్సిల్, స్కాటిష్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ కలిసి పెట్టుకున్న ట్రస్టు 15 లక్షల పౌండ్లు పెట్టి దీవిని కొనేసింది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఎక్కడెక్కడి వాళ్లో ఇచ్చిన విరాళాలే. అప్పుడు దీవిలో ఉన్నది 65 మంది దాకా. ఇప్పుడు వందకు పైనే ఉన్నారు. సంఖ్య చిన్నదే, కానీ వందేళ్లకు పైగా తగ్గుతూ వచ్చిన చోట అది పెరగడం మామూలు విషయం కాదు.

టీ దుకాణంలో పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దావిడతో మాట కలిసింది. దీవి కొన్నాక మీకు మొదట మారిందేమిటని అడిగాను. కరెంటు పేరు చెబుతుందనుకున్నాను. ఆమె లీజు కాగితం గురించి చెప్పింది. అది చేతికొచ్చాకే ఇంటికి చేయించాల్సిన పనులన్నీ చేయించుకున్నారట. కరెంటు ఆ తర్వాతి సంగతి.

ఆ కరెంటు సంగతి కూడా వివరంగా చెప్పాలి. 2008 వరకు చాలా ఇళ్లకు సొంత డీజిల్ జనరేటరే దిక్కు. సముద్రం అడుగున కేబుల్ వేయించుకోవడం వంద మంది భరించే ఖర్చు కాదు. దీవివాళ్లు వాగు నీళ్లతో, గాలిమరలతో, సోలార్ పలకలతో సొంతంగా గ్రిడ్ కట్టుకున్నారు. యూరోపియన్ ప్రాంతీయాభివృద్ధి నిధి కూడా సాయం చేసింది. నాకు బాగా నచ్చింది వాళ్లు పెట్టుకున్న నియమం. ఏ ఇల్లయినా ఒకేసారి 5 కిలోవాట్లకు మించి వాడకూడదు, వ్యాపారానికైతే 10. దాటితే ఆ ఇంటికి సరఫరా ఆగిపోతుంది. వాషింగ్ మెషీన్ తిరుగుతుంటే ఇంకేదైనా పెద్ద పరికరం వేసే ముందు ఆలోచించుకోవాలి. ఇదే పరిమితిని బయటి కంపెనీ ఏదైనా పెట్టి ఉంటే గొడవలయ్యేవని నాకు గట్టిగా అనిపించింది. తామే కూర్చుని ఒప్పుకున్న నియమం కాబట్టి అందరూ పాటిస్తున్నారు.

లోటు లేదని కాదు. ప్రాథమిక పాఠశాల దీవిలోనే ఉంది, హైస్కూలుకు మాత్రం పిల్లలు మాలెగ్ వెళ్లి వారమంతా హాస్టల్లో ఉండాలి. పన్నెండేళ్ల పిల్లను పడవెక్కించి పంపడం ఏ తల్లికైనా కష్టమే. ఈ ఒక్క కారణంతో వెళ్లిపోయే కుటుంబాలు ఏ దీవిలోనైనా ఉంటాయి. ఏ గ్రాంటు రాసినా ముందు ఆ పడవ టైమ్ చూసి రాయాలంటాను.

ఎగ్ ఒక్కటే కాదు. అంతకు ముందే, 1993లో, హైలాండ్స్ వాయవ్య తీరాన ఉన్న ఆసింట్ కమతాల రైతులు తమ ఎస్టేటును కొనుక్కున్నారు. 2003 భూసంస్కరణ చట్టం ఈ అవకాశాన్ని హక్కుగా మార్చింది: భూమి అమ్మకానికి వస్తే, ముందుగా నమోదు చేసుకున్న స్థానిక సంఘానికే మొదటి అవకాశం.

మాలెగ్‌కు తిరిగొచ్చి ఇంకో ఫెర్రీలో స్కై దీవిలో ఆర్మడేల్ చేరాను. దగ్గర్లోనే, హైలాండ్స్ పాత భాష గేలిక్ కోసం పెట్టిన కళాశాల సవల్ మోర్ ఓస్టేగ్ 1973లో పాత పశువుల కొట్టాల్లో మొదలైంది. ఇప్పుడు చక్కటి భవనాలున్నాయి, పడుచువాళ్లు కనిపిస్తారు. భాష కోసం పెట్టిన సంస్థ చుట్టూ ఉద్యోగాలూ ఇళ్లూ వచ్చాయి. ఆర్థికవేత్తలు మొదట రాసే జాబితాలో గేలిక్ ఉండేదా అని అనుమానమే.

స్కై దీవిని ప్రధాన భూభాగంతో కలిపే స్కై వంతెన కథ వేరు. 1995 అక్టోబరులో ప్రైవేటు పెట్టుబడితో కట్టి తెరిచారు, అదే రోజుల్లో అక్కడి ఫెర్రీ ఆపేశారు. టోల్ కట్టడం తప్ప దగ్గర్లో వేరే దారి లేకపోయేసరికి జనం తిరగబడ్డారు, కోర్టుల చుట్టూ తిరిగారు. 2004 డిసెంబరులో ప్రభుత్వం దాదాపు 2 కోట్ల 70 లక్షల పౌండ్లకు వంతెనను కొని టోల్ ఎత్తేసింది. ఇప్పుడు బస్సు ఒక్క నిమిషం ఆగకుండా దాటేస్తుంది. రోడ్డు కష్టం తీరింది, కానీ అదే రోడ్డు మీద బయటి డబ్బూ వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ వైపు నడుస్తూ చూస్తే తలుపు పక్కన నంబరు తాళం పెట్టె తగిలించిన ఇళ్లు చాలా కనిపించాయి. అవి వారానికో కుటుంబం దిగి వెళ్లే ఇళ్లు. అక్కడే ఉద్యోగం చేసేవాళ్లకు అద్దెకు ఇల్లు దొరకడం లేదని బస్సు డ్రైవరూ చెప్పాడు, బసలో అమ్మాయీ చెప్పింది.

2021లో స్కాట్లాండ్ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. దీవుల్లో స్థిరపడే, లేదా అక్కడే ఉండిపోయే వంద కుటుంబాల వరకు ఒక్కొక్కరికి 50,000 పౌండ్ల దాకా ఇస్తామంది. దీవుల వాళ్లను అడిగితే చాలామంది ఆ డబ్బు ఇళ్లకూ పడవలకూ పెట్టమన్నారు. 2022లో ఆ పథకాన్ని విరమించుకున్నారు. నేను మాట్లాడినవాళ్లలో ఆ పథకం పోయిందని బాధపడినవాళ్లు ఒక్కరూ లేరు, అడిగినందుకు మాత్రం సంతోషించారు.