బార్బడోస్‌లో మినీ మోక్

మారతహళ్ళిలో మా పక్కింటివాళ్ళు క్రూజ్‌లో బార్బడోస్ వెళ్తున్నామనగానే, టూర్ బస్సు వద్దండీ, మినీ మోక్ అద్దెకు తీసుకోండి అన్నాను. 1964లో బ్రిటన్‌లో వచ్చిన బుల్లి కారు అది, తలుపులుండవు, దారిలో చెరుకు ఆకుల చప్పుడు నేరుగా చెవిలోకే వస్తుంది. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి కాబట్టి టెన్షన్ లేదు. అక్కడ బండి నడపడానికి విజిటర్ పర్మిట్ తప్పనిసరి, బండి అద్దెకిచ్చేవాళ్ళే ఇప్పిస్తారు.

దీవి పొడవు దాదాపు 34 కిలోమీటర్లే. రాజధాని బ్రిడ్జ్‌టౌన్ నుంచి తిన్నగా తూర్పు తీరంలోని బాత్‌షెబాకి వెళ్ళండి, అట్లాంటిక్ అలలు అడుగున కోసేసిన పెద్ద పెద్ద పగడపు రాళ్ళు పుట్టగొడుగుల్లా నిలబడి ఉంటాయి, నాకైతే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. ఈతకి మాత్రం దిగొద్దు, లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయి. ఓడ టైమూ ఊరి టైమూ ఒక్కోసారి వేరుగా ఉంటాయి, ఓడ దిగేముందే చూసుకోండి.