అడవి బడికి వాలంటీరుగా వెళ్లాను

మా బాబు ఇయర్ వన్‌కి (ఐదారేళ్ల పిల్లల తరగతి) వచ్చిన సెప్టెంబరులో స్కూలు నుంచి ఒక అనుమతి పత్రం వచ్చింది. క్రిస్మస్ సెలవుల దాకా వారానికో మధ్యాహ్నం ఫారెస్ట్ స్కూల్ అట, అంటే చెట్ల మధ్య పిల్లలు సొంతంగా చేసి నేర్చుకునే అడవి బడి. ఆటస్థలం వెనకున్న ఓక్ చెట్ల తోపులో జరుగుతుంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి: వానొచ్చినా ఆగదు, రంపాలూ నిప్పూ వాడతారు. మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ దగ్గర. ఇక్కడ అక్టోబరులో వాన లేని వారం ఉంటే అదే విశేషం. కాకినాడలో ఉన్న మా అత్తయ్యకి వీడియో కాల్‌లో చెప్తే, "చదువు చెప్పమని పంపితే బురదలో కూర్చోబెడతారా?" అన్నారు.

సంతకం పెట్టి, పనిలో పనిగా "వాలంటీరుగా వస్తారా" అన్న గడిలో టిక్కు కూడా పెట్టాను. సాయం సంగతి తర్వాత, వాడి మీద ఓ కన్నేసి ఉంచొచ్చని.

వాలంటీరు కావాలంటే ముందు డీబీఎస్ అనే ప్రభుత్వ సంస్థ తనిఖీ అవ్వాలి, అంటే మన మీద నేరాల రికార్డు ఏమైనా ఉందేమో చూస్తారు. వాలంటీర్ల దగ్గర డీబీఎస్ రుసుము తీసుకోదు. పాస్‌పోర్టు, చిరునామాకి రుజువుగా బ్యాంకు స్టేట్‌మెంటో కౌన్సిల్ ట్యాక్స్ బిల్లో పట్టుకెళ్లాలి. గడిచిన 5 ఏళ్లలో ఎక్కడెక్కడ ఉన్నామో అన్ని చిరునామాలూ రాయాలి. అద్దె ఇళ్లు మారుతూ తిరిగే మనలాంటి వాళ్లకి విసుగు పుట్టేది ఇక్కడే. బయటి దేశాల రికార్డులు డీబీఎస్‌కి అందవు కాబట్టి, ఈమధ్యే ఇండియా నుంచి వచ్చినవాళ్లని స్కూలు అక్కడి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగొచ్చు.

ఇక బట్టలు. దీని గురించి కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే పిల్లలు ఏడ్చేది చలికి, అడవికి కాదు. గొడుగు పనికిరాదు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మెడ దాకా ఉండే వాటర్‌ప్రూఫ్ సూటు కావాలి. దాని కాళ్లు వెల్లీ బూట్ల (పొడుగాటి రబ్బరు బూట్లు) మీదకి రావాలి. బూట్లలోకి దోపితే నీళ్లన్నీ లోపలికే. నూలు మేజోళ్లు వద్దు, తడిస్తే ఆరవు. ఉన్నివి వేసి, రెండు జతలు పట్టేట్టు బూట్లు కాస్త పెద్దవి కొనాలి. కొత్త సూటుకి డబ్బు తగలేయొద్దు. వాడిన వస్తువులమ్మే చారిటీ షాపుల్లో చూడండి, పై తరగతి పిల్లల తల్లుల్ని అడగండి. ఏడాదికల్లా పొట్టయిపోయే బట్టలవి.

మొదటి రోజు అడవి బడి నడిపే లీడర్ వాలంటీర్లని పక్కకి పిలిచి మాట్లాడింది. ఈ పద్ధతి ఇంగ్లండ్‌కి రావడానికి కారణం 1993లో సోమర్‌సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్లు డెన్మార్క్ వెళ్లి అక్కడి ఆరుబయటి బాలబడులు చూసి రావడమేనట. 2012 నుంచి దీనికో సంఘం కూడా ఉంది. చరిత్ర అలా ముగించి అసలు విషయానికొచ్చింది. పిల్లలు అడిగేదాకా చెయ్యి వెయ్యకండి, అడిగినా ముందు "నువ్వేం చేసి చూశావు?" అనండి అంది.

వినడానికి తేలికే. నోట్లో ముద్ద పెడుతూ కాళ్లకి బూట్లు తొడిగి బడికి పంపే ఇంట్లోంచి వెళ్లినదాన్ని నేను. ఒక పాప గుడారం కోసం తనకంటే పొడుగు కొమ్మని ఈడ్చుకొస్తుంటే అది రెండు చెట్ల మధ్య అడ్డం పడింది. ఒక్కసారి తిప్పితే వచ్చేస్తుంది. నా చేతులు దురద పెట్టాయి. పాప లాగింది, తన్నింది, దానిమీదే కూర్చుని కాసేపు అలిగింది. చివరికి ఇంకో పిల్లాణ్ణి కేకేసి ఒక కొస పైకెత్తించింది. కొమ్మ జారి అవతల పడింది. అంతసేపూ నేను చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను, ఆ మధ్యాహ్నం నేను చేసిన కష్టమైన పని అదే.

వారం వారం అదే తోపుకి వెళ్లడంలో ఏముందనుకున్నాను గానీ, అందుకే పిల్లలకి మార్పు కనపడుతుంది. మొదట్లో తలమీద పచ్చటి కప్పు, తర్వాత పసుపు, నవంబరు చివరికి ఆకాశం. ఆకులో పచ్చదనం విరిగిపోతే అంతకుముందే లోపలున్న పసుపు బయటపడుతుందని లీడర్ ఒకే ముక్కలో చెప్పి వదిలేసింది. ఆ తోపు అంచున హార్స్ చెస్ట్‌నట్ చెట్టుంది. దాని గింజల్ని కాంకర్లంటారు, నున్నగా గోధుమరంగులో గచ్చకాయంత ముద్దుగా ఉంటాయి. అవి తినకూడదు, కడుపులో తిప్పుతుంది. తినే చెస్ట్‌నట్ వేరు: పైతొక్క మీద సన్నటి ముళ్లు ఒత్తుగా ఉంటాయి, గింజ కొసన చిన్న తోక ఉంటుంది. కాంకరు తొక్కకి దూరదూరంగా మొద్దు ముళ్లు. ఈ తేడా మా వాడే నాకు చూపించాడు. ఏదైనా సరే కోయొద్దు, నోట్లో పెట్టొద్దు అనేది అక్కడి మొదటి నియమం.

నిప్పు రోజు కోసం పుల్లల్ని మూడు కుప్పలు పెట్టించారు: అగ్గిపుల్లంత, పెన్సిలంత, బొటనవేలంత. వాజ్‌లైన్ రాసిన దూది మీద ఉక్కు గీసి రవ్వలు రాల్చాలి. పక్కన నీళ్ల బకెట్. మంట దగ్గర బాసింపట్టు వేయకూడదు, ఒక మోకాలి మీదే ఉండాలి, చప్పున లేచి వెనక్కి జరగడానికి. మా వాడి దూది ఎంతకీ అంటుకోలేదు. నావైపు చూశాడు. నేను చెట్ల వైపు చూశాను. దూదిని ఇంకాస్త విప్పి పలచన చేసి గీశాడు, అంటుకుంది. "అమ్మా!" అని వాడు వేసిన కేక రోడ్డుదాకా వినపడి ఉంటుంది.

శాకాహారులు ఒకటి గమనించాలి. మంట మీద కాల్చే మార్ష్‌మెలోల్లో (మెత్తటి మిఠాయిలు) మామూలుగా జెలటిన్ ఉంటుంది, జంతువుల నుంచి తీసేది. ముందే చెప్తే వీగన్‌వి తెస్తారు. నేను చెప్పాను. హలాల్ తినే పిల్లలకీ అవే పనికొచ్చాయి.

వానకి ఏనాడూ ఆపలేదు. ఈదురుగాలికి మాత్రం రద్దు చేశారు, ఎండుకొమ్మలు విరిగి మీద పడతాయని. ఆ రోజు తరగతిలోనే కూర్చోవలసొచ్చిందని మా వాడు మొహం మాడ్చుకుని ఇంటికొచ్చాడు. అత్తయ్య కాల్‌లో, "పోనీలే నాన్నా, పెరట్లో ఆడుకో" అన్నారు. బురదలోనా అని అడిగాను, నవ్వేశారు.

జనవరి టర్ముకి వాలంటీరు ఫారం మా ఆయన నింపాడు. ఆయన డీబీఎస్ ఇంకా రాలేదు.