పెద్దవీధికి వీపు చూపిన నాటకశాల

పారిస్‌లో రిషెలియు ద్రువో మెట్రో స్టేషన్ మెట్లెక్కి, ఒపెరా కొమిక్ నాటకశాల కోసం ఇటాలియన్ల బులెవార్డ్ మీద రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఫోనులో చూస్తే పక్కనే ఉంది. కంటికి మాత్రం ఆనదు. సందు తిరిగాక తెలిసింది, అది పెద్దవీధికి వీపు చూపించి బోయెల్దియు కూడలి వైపు ముఖం పెట్టుకుంది. 1783లో మొదటి భవనంలో చేరిన నటులు, బులెవార్డ్ మీద నాటకాలాడేవాళ్లతో తమను జమకట్టకూడదని పట్టుబట్టారట. అది కాలిపోయింది, రెండోదీ కాలిపోయింది. 1898లో తెరిచిన మూడోది ఇప్పటికీ అలిగిన పెద్దమనిషిలా అటే తిరిగి ఉంది.

ఇంత బింకం పోయిన ఈ ఒపెరా కొమిక్ అనే సంగీత నాటక కళ పుట్టింది సంతల్లోనే! నాటకంలో మాట్లాడే హక్కు ఒక రాజాస్థాన సంస్థది, పాడే హక్కు ఇంకొకదానిది. సంత నటులకు రెండూ నిషేధమే. 1710 ప్రాంతంలో వాళ్లు కుడి జేబులో చుట్టిన అట్టలు పెట్టుకుని వేదికెక్కేవారు. తమ వంతు రాగానే ఒకటి విప్పి చూపేవారు. దాని మీద పాట ఉండేది. వాద్యాలు అందరికీ తెలిసిన వరస ఎత్తుకునేవి, పాడేది ప్రేక్షకులు! అయిపోయిన అట్ట ఎడమ జేబులోకి. జనంలో కొందరిని ముందే కూర్చోబెట్టి పాట అందించేవారనీ చదివాను. చివరికి డబ్బు కట్టి పాడే అనుమతి కొనుక్కున్నారు.

'కొమిక్' అంటే హాస్యమనుకునే వెళ్లాను. ముఖద్వారం దగ్గర 'కార్మెన్' అనే ఒపెరా నాయిక శిల్పం చూసి తెల్లబోయాను. ఆ కథ హత్యతో ముగుస్తుంది కదా! ఈ కళకు గుర్తు నవ్వు కాదు, పాటల మధ్య వచ్చే మామూలు మాటలు. మన పద్యనాటకంలో మాట్లాడుతూనే రాగమెత్తుకున్నట్టు. 1875 మార్చి 3న ఈ చోటే, పాత భవనంలో కార్మెన్ మొదటిసారి ఆడింది. సంబంధాలు చూసుకోవడానికి ఆడపిల్లలతో వచ్చే కుటుంబాలకు అది రుచించలేదు. మూడు నెలలకే స్వరకర్త బిజే పోయాడు, 36 ఏళ్లకు.

సాయంత్రం ఆటకు మూడో అంతస్తులో చవక టికెట్టు దొరికింది. వేదిక పైన చిన్న తెర మీద పాట మాటలు అక్షరాల్లో వస్తున్నాయి. నా పక్క సీటు పెద్దాయన వాటిని చూస్తూ కూనిరాగం తీయబోతే భార్య మోచేత్తో పొడిచింది. పాపం, సంత రోజుల్లో అయితే ఆయన పాడకపోతే ఆట సాగేది కాదు.