బ్యూరెట్లకి ఇంత టెన్షనా!

ఫ్లోరిడా యూనివర్సిటీలో పనిచేసే మా మేనల్లుడు సంక్రాంతికి పాలకొల్లు వచ్చాడు. ఫ్లోరిడాలో 2021 చట్టం ప్రకారం విదేశాల నుంచి 50,000 డాలర్లు, ఆపైన విరాళమొస్తే కాలేజీలు లెక్క చెప్పాలట. దేశమంతటికీ ఉన్న ఫెడరల్ చట్టంలో ఆ పరిమితి 2,50,000 డాలర్లు. 2023లో ఇంకా బిగించి, చైనా, రష్యా, ఇరాన్ సహా ఏడు దేశాలతో ఒప్పందాలకు రాష్ట్ర విద్యా బోర్డు అనుమతి పెట్టారు.

"మరీ అనుమానం మావయ్యా" అన్నాడు, అరిసె తుంచుతూ.

నాకు నవ్వొచ్చింది. మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్లకి (ద్రావణాలు కొలిచే గాజు గొట్టాలకి) డబ్బు పంపుతానన్న పాత స్టూడెంటు ఇప్పుడు అమెరికా పౌరుడు. భారత పాస్‌పోర్టే ఉంటే తన సంపాదన మామూలుగా బ్యాంకులో వేసేవాడు. ఇప్పుడది ఎఫ్‌సీఆర్‌ఏ (మన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ సొమ్ము! కాలేజీకి అనుమతి కావాలి, 2020 సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా కావాలి. చైనా సొమ్ముకి కాపలా సరే, మన ఊరి కుర్రాడికీ అదేనా?

చివరికి ఆ స్టూడెంటు నాన్నగారే కొబ్బరికాయల డబ్బుతో బ్యూరెట్లు కొనిపెట్టారు.