హనుమకొండ ఫ్లాట్‌లో మిరప నారు: నవంబర్ నుంచి ఆగస్టు దాకా

మొత్తం మూడు రకాలు: తేజ, చపాటా, భూత్ జొలోకియా. మొదటి రెండింటి గింజలు మా ఊరి కల్లంలో ఏరిన ఎండు కాయల్లోంచి తీసినవి. జొలోకియా పది గింజల ప్యాకెట్ ఆన్‌లైన్‌లో కొన్నాను. చపాటా మా వరంగల్ పంట, 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. టమాటలా గుండ్రంగా, లావుగా ఉంటుంది. రంగు ఎక్కువ, కారం తక్కువ, అందుకే పచ్చళ్లకు అడిగి మరీ కొంటారు. జొలోకియా 2007లో ప్రపంచంలోనే ఎక్కువ కారమున్న మిరపగా గిన్నిస్‌కెక్కింది, కారాన్ని కొలిచే స్కోవిల్ యూనిట్లలో పది లక్షలు దాటిన కాయ. ఈ రెండూ ఒకే లైటు కింద పెరుగుతుంటే చూడాలని చాలా రోజుల కోరిక.

నవంబర్ 12. గింజలు రాత్రంతా నానబెట్టి, కొబ్బరి పొట్టు నింపిన ట్రేలో నాటి కిటికీ పక్కన పెట్టాను. బాపుకు ఫోన్లో చెబితే, "ఆషాఢంల పోసే నారు కార్తీకంల పోస్తవా బిడ్డా? సలికి గింజ లెవ్వది" అన్నాడు. అన్నట్టే అయింది. పన్నెండు రోజులకు తేజ రెండే మొలిచాయి. రాత్రి థర్మామీటర్ పెట్టి చూస్తే ట్రేలో 19 డిగ్రీలే ఉంది. మిరప గింజకు 25 నుంచి 30 కావాలి. మంచిదేమిటంటే, జొలోకియా గింజలు ఇంకా నాటకుండా దాచుకున్నాను.

నవంబర్ 25. ఈసారి వడ్లకు మండె కట్టినట్టే చేశాను. గింజల్ని తడి గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి మూత వదులుగా వేసి, సెట్‌టాప్ బాక్స్ మీద ఉంచాను. దాని వేడికి డబ్బాలో 28, 29 డిగ్రీలు నిలిచింది. తేజ ఆరో రోజుకు, చపాటా ఎనిమిదో రోజుకు మొలకెత్తాయి. జొలోకియా 17వ రోజుకు గానీ కదల్లేదు, పదింట్లో ఆరు వచ్చాయి. గుడ్డ ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించాలి గానీ నీళ్లలో తేలేలా ఉంచకూడదు, గింజ కుళ్లుతుంది.

డిసెంబర్. నేను ఎక్కువ నేర్చుకున్నది ఈ నెలే. రెండు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, 6500 కెల్విన్ తెల్ల వెలుగువి, ట్రే పైన రెండడుగుల ఎత్తులో కట్టాను. నారు సన్నగా సాగి పక్కకు వాలింది. ట్యూబుల్ని జానెడు ఎత్తుకు దించాక వచ్చిన ఆకులు దగ్గరగా, ముదురు ఆకుపచ్చగా వచ్చాయి. టైమర్ పొద్దున ఆరు నుంచి రాత్రి పది వరకు. రోజుకు 0.64 యూనిట్, నెలకు 19 యూనిట్ల లెక్క. అదే వారం నారుకుళ్లు తగిలింది. సాయంత్రం బాగున్న ఐదు చపాటా మొక్కలు తెల్లారేసరికి మొదట్లో నూలుపోగంత సన్నబడి పడిపోయాయి. చాలా బాధేసింది. కారణం పైనుంచి రోజూ పోసిన నీళ్లే. అప్పట్నుంచి కింది పళ్లెంలో నీళ్లు పోసి అరగంట తర్వాత మిగిలింది పారబోస్తున్నాను, పొట్టు పైభాగం ఆరాకే మళ్లీ నీళ్లు. పక్కన చిన్న ఫ్యాన్ పెట్టాను. కొత్త పొట్టులో ట్రైకోడెర్మా విరిడి, అంటే కుళ్లు తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రం, కలిపాను. మళ్లీ ఒక్క మొక్క పోలేదు.

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది, రెండు మూడు సార్లు కడిగి పిండాలి. పోషకాలు దాదాపు ఉండవు. నాలుగాకులు వచ్చాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) లీటరు నీళ్లకు ఒక గ్రాము, వారానికోసారి.

జనవరి 20. కింద చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాల్లోకి మార్చాను, తర్వాత 12 అంగుళాల గ్రో బ్యాగుల్లోకి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్ట్ సమానంగా, బ్యాగుకు రెండు గుప్పిళ్లు వేపపిండి.

ఫిబ్రవరి 8. తేజ ఆకులు పైకి ముడుచుకున్నాయి. పై ముడత అంటే తామర పురుగు (త్రిప్స్), కింది ముడత అంటే నల్లి (మైట్స్), రెండూ ఆకు రసం పీల్చేవే. రెండింటికీ మందులు వేరు, అందుకే ముందు ఆకు చూడాలి. 2021లో నల్ల తామర పురుగు మా వైపు పూతనంతా తినేసిన రోజులు గుర్తొచ్చి టెన్షన్ పట్టుకుంది. నర్సరీ నుంచి తెచ్చిన చామంతి కుండీతోనే వచ్చిందనుకుంటా, దాన్ని వేరే గదిలోకి మార్చాను. వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఆరు రోజులకోసారి మూడుసార్లు కొట్టాను, నీలం జిగురు అట్టలు కట్టాను. ఇంట్లో గాలి, తేనెటీగలు ఉండవు కాబట్టి పూలొచ్చాక రోజూ పొద్దున కొమ్మల్ని వేలితో మెల్లగా తట్టాను.

ఏప్రిల్. తేజ 31 కాయలు, చపాటా నాలుగు. జొలోకియా పూసినా, బాల్కనీలో ఎండ నలభై దాటాక పూత మొత్తం రాలింది. కొమ్మల్ని సగానికి కత్తిరించి, తూర్పు గదిలోకి తెచ్చి ఉంచాను.

ఆగస్టు 17. వానలు పడ్డాక జొలోకియాకు మళ్లీ పూత నిలిచింది. నాలుగు మొక్కల మీద తొమ్మిది కాయలు, మూడు ఎర్రబడ్డాయి. గ్లవ్స్ వేసుకునే కోశాను. ఆ కారం నీళ్లలో కరగదు, చేతికి అంటితే ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. గోరంత ముక్క పండుమిర్చి తొక్కులో కలిపితే గిన్నె మొత్తానికి సరిపోయింది. మిగతా రెండు మొక్కలు బాపు పోయిన నెలే ఊరికి తీసుకెళ్లి బావి గట్టు మీద పెట్టాడు. నిన్న ఫోన్ చేసి, "పిందె వడ్డది బిడ్డా" అన్నాడు.