తుంటి విరగక ముందు, విరిగినాక: కార్డు ఎంతవరకు పనికొస్తుంది

కాలు జారి తుంటి విరిగిన అవ్వకు ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయిపోతుంది. అదే అవ్వకు రెండేళ్ల ముందు బొక్కలు గుల్లబారాయో లేదో చూపిద్దామంటే, స్కాన్ ఖర్చు ఇంట్లోవాళ్లే పెట్టుకోవాలి. ఈ తేడా తెలియకే చాలామంది కార్డు ఉందన్న ధీమాతో ఆగిపోతున్నారు.

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యానికి కేంద్రం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది. రెండూ ముఖ్యంగా ఆస్పత్రిలో చేరినప్పటి వైద్యానికే. ఓపీలో రాసే డెక్సా స్కాన్ (బొక్కల గట్టిదనం కొలిచేది), ఏళ్ల తరబడి మింగే బిళ్లలు వీటిలోకి రావు.

వయ వందనకు ఆధార్‌లో ఉన్న వయసే లెక్క. నిజంగా 74 ఏళ్లున్నా ఆధార్‌లో 66 అని పడితే కార్డు రాదు, కాబట్టి ముందు అది సరిచేయించండి. కూలి పని చేసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. అవి పడలేదని మనిషిని వెనక్కి పంపాల్సిన పని లేదు, ఆధార్‌కు లింకైన ఫోన్‌కు ఓటీపీ తెప్పించినా, ముఖం చూపించి గుర్తింపు చేయించినా సరిపోతుంది. కొడుకులు వేరుపడ్డప్పుడు రేషన్ కార్డులో ముసలివాళ్ల పేరు ఏ ఇంట్లోనూ లేకుండా పోయిందేమో కూడా చూసుకోండి. పడ్డ రోజు రాత్రి ఇవన్నీ వెతుక్కోలేరు.

పడ్డాక కాలు పొట్టిగా కనబడుతూ, పాదం బయటికి తిరిగిపోతే తుంటి విరిగినట్టే అనుకోండి. నాటు కట్టు కట్టించి చూద్దామని వారం ఆగితే తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడొచ్చు. మంచంలోనే ఉండేసరికి పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగాలి. ఆస్పత్రికి చేరగానే అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. రాడ్డు, ప్లేటు లాంటివి ప్యాకేజీలోనే ఉంటాయి. వాటికి వేరే డబ్బు అడిగితే ఆరోగ్యశ్రీకి 104కు, ఆయుష్మాన్‌కు 14555కు ఫోన్ చేయండి.

అన్నిటికంటే ఎక్కువ జారిపోయేది దీని తర్వాతి సంగతి. విరిగిన బొక్కను అతికిస్తారు, అది విరగడానికి కారణమైన జబ్బును వదిలేస్తారు. డిశ్చార్జి కాగితంలో తుంటి విరిగిందనే రాస్తారు గానీ, గుల్లబారడం వల్ల విరిగిందని చాలాసార్లు రాయరు. నిలబడ్డ ఎత్తు నుంచి పడినంత మాత్రానికే తుంటి విరిగిన ముసలి మనిషికి గుల్లబారే జబ్బు ఉందని తేల్చడానికి డెక్సా కోసం ఆగనక్కర్లేదు. ఆ మాట రాయమని అడగండి. ఆపరేషన్‌కు ముందు చేసిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) రిపోర్టు జిరాక్స్ తీసి పెట్టుకోండి, కాల్షియం, విటమిన్ డి కూడా అప్పుడే చూడమనండి. బొక్కలు గుల్లబారడానికి ఏడాదికి ఒకసారి ఎక్కించే మందు జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల ఇంజెక్షన్‌ను ఆపరేషన్ అయిన రెండు వారాల తర్వాత ఇవ్వచ్చు. కుట్లు విప్పడానికి వెళ్లే రోజులు కూడా దాదాపు అవే, అందుకే ఆ రోజే డాక్టరును అడగండి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఇది పనికిరాదు. డి విటమిన్ తక్కువగా ఉన్నప్పుడు ఎక్కిస్తే రక్తంలో కాల్షియం పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. ముందు ఆ లోటు తీర్చాలి.

బిళ్ల అయితే వారానికి ఒకటి, అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని అరగంట నిటారుగా కూర్చోవాలి. చాయ్‌తో మింగితే మందు ఒంటికి పట్టదు. వెంటనే పడుకుంటే ఆహారనాళం పుండవుతుంది. కాల్షియం బిళ్ల ఆ పూటకు దూరంగా ఉంచండి. జన ఔషధి కేంద్రంలో జెనరిక్ అడిగితే ఖర్చు బాగా తగ్గుతుంది. ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మాత్రం చివరిదాకా కొనగలిగితేనే మొదలుపెట్టండి. డబ్బుల్లేక మధ్యలో ఆపితే వెన్నుపూసలు వరసగా కుంగిపోయే ప్రమాదం ఉంది. చేతి నుంచి పెట్టుకునే కుటుంబాలకు ఏడాదికోసారి ఎక్కించేదే మేలని నా అభిప్రాయం.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు వారికి ఇంకొక మాట. దశాబ్దాలు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన ఒంట్లో ఎముక గట్టిపడి స్కాన్‌లో దట్టంగా కనబడుతుంది. డెక్సాలో వచ్చే అంకె, అంటే టీ స్కోరు, మైనస్ 2.5, అంతకంటే కిందికి వస్తే గుల్లబారినట్టు లెక్క. ఫ్లోరోసిస్ ఉన్న మనిషికి వెన్ను దగ్గర స్కోరు బాగానే వస్తుంది, కానీ ఆ ఎముక పెళుసుది, తక్కువ దెబ్బకే విరగొచ్చు. సర్కారు తాగునీటి పథకం మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి గానీ, అంతకుముందు ఎముకలో చేరింది అంత తొందరగా దిగదు. అందుకే డెక్సాకు వెళ్తే ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారో చెప్పండి. వెన్ను అంకె ఒక్కటే చూసి ఏమీ లేదంటే, తుంటి అంకెను, వెన్ను ఎక్స్‌రేను కూడా చూడమని అడగండి.